పలనాటి మరుభూమి: శ్రీనాథుని చాటువులు, నీటి వసతి, ఊరి చరిత్ర

తెలుగు సాహిత్య విద్యార్థికి మరుభూమి అనగానే థార్ ఎడారి కన్నా ముందు పలనాడు స్ఫురిస్తుంది. ఇందుకు కారణం భూగోళ శాస్త్రం కాదు, శ్రీనాథుని పేర ప్రచారంలో ఉన్న కొద్దిపాటి చాటుపద్యాలు. నిజానికి పలనాడు ఎడారి కాదు. ఉత్తర, వాయవ్య సరిహద్దుల వెంట కృష్ణ ప్రవహిస్తుంది. కారెంపూడి పక్కగా నాగులేరు, మాచర్ల పక్కగా చంద్రవంక పారి ఆ నదిలోనే కలుస్తాయి. ఎత్తిపోతల జలపాతం ఈ చంద్రవంకదే. అయినా నీరు దొరకని నేలగా, జొన్నకూటి నేలగా, రాళ్లకూ తేళ్లకూ నిలయమైన నేలగా పలనాడు మన పాఠ్యపుస్తకాలలోను, ప్రసంగాలలోను స్థిరపడిపోయింది. అక్కడి నుంచి వచ్చిన విద్యార్థి కూడా తన ఊరిని పరిచయం చేసుకోవలసి వస్తే ముందుగా ఆ పద్యమే చదువుతాడు.

ఆ చాటువులను పలనాటి నేల స్వభావానికి సాక్ష్యంగా కాక, పలనాటి ఊళ్లలోని వసతులను గురించిన ఒక అభిప్రాయంగా చదవాలన్నది ఈ వ్యాసంలోని ప్రతిపాదన. అలా చదివినప్పుడు వాటిలోని ఎడారి ప్రకృతి నిర్మించినది కాదని, అది ఒక సామాజిక లోపానికి కవి పెట్టిన పేరని తేలుతుంది. ఆ లోపం నిజమా, నిజమైతే ఎప్పటిది, ఎవరి దృష్టిలో లోపం అన్నవి తరువాతి ప్రశ్నలు.

చాటువుల ప్రామాణ్యం గురించి ముందుగా ఒక మాట చెప్పవలసి ఉంది. వేటూరి ప్రభాకరశాస్త్రి చాటుపద్యాలను సేకరించి ముద్రించడమే కాక, 1923లో వెలువడిన ‘శృంగార శ్రీనాథము’లో వాటిని కవి జీవిత చరిత్రకు విరివిగా వినియోగించారు. ఆయన తరువాత చాలామంది అదే దారిలో నడిచారు. ఇందుకు భిన్నంగా వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ 1998లో ప్రచురించిన తమ ఆంగ్ల గ్రంథంలో చాటు సంప్రదాయాన్ని వ్యక్తుల జీవిత చరిత్రగా కాక, పద్యాన్ని గుర్తుంచుకొని సందర్భం కల్పించి చెప్పుకొనే ఒక సమాజపు సాహిత్య వ్యవహారంగా వివరించారు. ఈ రెండో దృష్టి నాకు సమ్మతమే. కాని దాన్ని అంగీకరించినంత మాత్రాన పద్యంలోని వస్తు ప్రపంచం ఆధారం కాకుండా పోదు. పలనాటి చాటువులు చెప్పినవాడు శ్రీనాథుడే అయినా, ఆయన పేరు పెట్టుకున్న మరొకరైనా, ఒక ఊరికి ఏమేమి ఉండాలని ఆ పద్యం ఆశించిందో అది మన ముందు ఉంది.

లేనివాటి పట్టిక

పలనాటికి మళ్లీ మళ్లీ పోవలసిన పని ఏముందని ప్రశ్నించే ప్రసిద్ధ చాటువు ఒక పట్టిక. బజారు, వరి భోజనం, శుభ్రత, అందమైన స్త్రీలు, తోటలు, దప్పిక తీర్చే దయ గలవారు, దాతలు అనే ఏడింటినీ లేనివాటిగా అది లెక్కిస్తుంది. స్త్రీల సౌందర్యాన్ని కూడా ఊరి వసతులలో ఒకటిగా చేర్చడం ఆనాటి ఆస్థాన కవి అభిరుచికి తగినదే గాని, దాన్ని ఇక్కడ పక్కన పెడదాం. మిగిలిన ఆరింటిని గమనిస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. వాన లేదని పద్యం అనడం లేదు. నది లేదని గాని, నేల చవుడని గాని అనడం లేదు. ఆ ఆరూ మనుషులు ఏర్పాటు చేయవలసినవే. నీటి విషయంలో ఈ సంగతి మరింత స్పష్టం. కవి అక్కడ నీటి లేమిని చెప్పలేదు, నీటి కోసం శ్రమ పడే కృప గలవారి లేమిని చెప్పాడు. చలిపందిరి పెట్టేవాడు, బావి తవ్వించేవాడు, చెరువు కట్టించేవాడు లేడన్నది ఫిర్యాదు.

శివుణ్ణి ఉద్దేశించి, ఇద్దరు భార్యలెందుకు, గంగను విడిచిపెట్టమని అడిగే చాటువును కూడా దాహంతో అలమటించిన శ్రీనాథుడు పలనాటిలోనే చెప్పాడని ఐతిహ్యం. పద్యంలో పలనాటి ప్రసక్తి లేదు. కథ దాన్ని పలనాటికి తెచ్చి కట్టింది. ఒకసారి ఒక ప్రాంతానికి దాహం ముద్ర పడితే దాహం పద్యాలన్నీ అక్కడికే చేరుతాయనడానికి ఇది మంచి ఉదాహరణ.

ఈ ఫిర్యాదు చేసిన కవికి నీటి వసతి ఎలా ఏర్పడుతుందో బాగా తెలుసు. శ్రీనాథుడు కొండవీటి పెదకోమటి వేమారెడ్డి ఆస్థానంలో విద్యాధికారి. పెదకోమటి వేముని రాణి సూరమాంబ తవ్వించిన సంతానసాగరం అనే చెరువును పేర్కొనే ఫిరంగిపురం శాసనం 1409 నాటిది. దాన్ని రచించినవాడు శ్రీనాథుడని శాసనమే చెప్పుతుంది. వారి కుమారుడు రాచవేముడు ఆ చెరువుకు నీరు చేరేటట్లు జగనొబ్బగండ కాలువ తవ్వించిన సంగతి అమీనాబాదు శాసనం వల్ల తెలుస్తున్నది. దాన్ని కూడా పండితులు శ్రీనాథ రచనగానే పరిగణించారు. (పురిటి సుంకం విధించిన దుర్మార్గునిగా ప్రజల జ్ఞాపకంలో మిగిలినవాడూ ఈ రాచవేముడే. కాలువ సంగతి శాసనంలో మిగిలింది, సుంకం సంగతి జనం నోట మిగిలింది.)

ఫిరంగిపురం కొండవీటికి దగ్గరలోనే ఉంది. అది డెల్టా గ్రామం కాదు, మెట్ట సీమ. కొండవీటి కోట కూడా కొండ మీది చెరువులను నమ్ముకొని బతికిన కోటే. అంటే శ్రీనాథుడు నీరు సమృద్ధిగా పారే దేశం నుంచి ఎండిన దేశానికి వెళ్లినవాడు కాడు. ఒక మెట్ట సీమ నుంచి మరొక మెట్ట సీమకు వెళ్లాడు. తేడా ఏమిటంటే, మొదటి దానిలో చెరువు తవ్వించే రాణి ఉంది, శాసనం రాసే కవి ఉన్నాడు. రాజధానిని విడిచి పడమరగా వెళ్లిన కొద్దీ ఆ రెండూ పలచబడతాయి. ‘దయ గలవారు లేరు’ అన్న ఆక్షేపణను ఫిరంగిపురం శాసనం పక్కన పెట్టి చదివితే అది ఒక రాజ్యపు వ్యయం ఎంత దూరం చేరిందో చెప్పే కొలతగా కనిపిస్తుంది.

రసికుడు పలనాటికి పోరాదని చెప్పే మరో చాటువు ఇంకా విలువైనది. అక్కడికి వస్తే అప్సరస కూడా ఏకులు వడకవలసిందే, రాజైనా నాగలి పట్టవలసిందే, మన్మథునికైనా జొన్నకూడే గతి అని దాని సారాంశం. హాస్యాన్ని తొలగించి చూస్తే ఇందులో ఒక ఆర్థిక వ్యవస్థ ఉంది. ఏకులు ఉన్నాయంటే పత్తి ఉంది. పత్తి, జొన్న, ఇంటింటా రాట్నం, దున్నడం తప్పించుకోలేని పెద్దరికం – ఇది నల్లరేగడి మెట్ట వ్యవసాయపు ముఖచిత్రం. శ్రమ చేయకుండా తినే వర్గం పలచగా ఉన్న సమాజాన్ని శ్రమ చేయకుండా తినడం అలవాటైన కన్ను చూస్తే ఏమనిపిస్తుందో ఆ పద్యం చెప్పింది. నేడు పలనాడు అనగానే కళ్లాలలో ఆరబోసిన మిరపకాయలు గుర్తుకు వస్తాయి గాని, శ్రీనాథుని కాలానికి మిరప ఇంకా ఈ దేశానికి రాలేదు. పత్తి మాత్రం అప్పటికే ఉందని తిట్టు పద్యమే సాక్ష్యం చెబుతున్నది.

మరొక సంగతి. శ్రీనాథుని ఫిర్యాదు చాటువులు పలనాటికే పరిమితం కావు. కన్నడ రాజ్యంలో వేషం, భోజనం పడక పడిన పాట్లు చెప్పే పద్యం ఉంది. చివరి రోజులలో బొడ్డుపల్లెను గుత్తకు తీసుకొని నష్టపోయినట్లు చెప్పే పద్యం ఉంది. అక్కడ పైరును కృష్ణ కొట్టుకుపోయింది. పలనాటిలో నీరు లేక, బొడ్డుపల్లెలో నీరు ఎక్కువై బాధపడిన కవిని చూస్తే, ఈ పద్యాలు స్థల వర్ణనలు అయ్యే ముందు యాచక కవి స్థితిని చెప్పే పద్యాలు అనిపిస్తుంది. దాత ఉన్నచోట అన్నీ ఉంటాయి.

విజయపురి: ఉన్నవాటి పట్టిక

చాటువులోని లేమిని పలనాటి శాశ్వత లక్షణంగా తీసుకొనేవారికి అడ్డు వచ్చే ఊరు ఒకటి ఉంది. చాటువుకు వెయ్యేళ్లకు పైగా ముందు, మాచర్లకు దగ్గరలో కృష్ణ ఒడ్డున, మూడు వైపులా కొండలు, నాలుగో వైపు నది ఉన్న లోయలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి వెలసింది. క్రీ.శ. 3, 4 శతాబ్దాలలో శాంతమూలుడు, వీరపురుషదత్తుడు, ఎహువుల శాంతమూలుడు, రుద్రపురుషదత్తుడు అక్కడి నుంచి పాలించారు. 1926లో ఆ శిథిలాలు పురావస్తు శాఖ దృష్టికి వచ్చాయి. ఆ తరువాత లాంగ్‌హర్స్ట్, టి.ఎన్. రామచంద్రన్ తవ్వకాలు జరిపారు. 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో లోయనంతటినీ తవ్వి చూశారు.

అక్కడ బయటపడినవాటిని చాటువు పట్టికకు ఎదురుగా పెట్టి చూడవచ్చు. నది ఒడ్డున మెట్లతో కట్టిన స్నానఘట్టం, నలువైపులా మెట్ల వరుసలు దిగిన బహిరంగ రంగస్థలం, అశ్వమేధ సంబంధమైన కోనేరు, మురుగు పోయే ఏర్పాట్లు, కోట, వైదిక ఆలయాలు, బౌద్ధ విహారాలు ఉన్నాయి. సింహళ భిక్షువుల కోసం వేరుగా విహారం ఉందంటే ఆ ఊరికి సముద్రం అవతలి నుంచి రాకపోకలు ఉన్నాయన్నమాట. అంగడి విషయానికి వస్తే, ధర్మకార్యాలకు శాశ్వత నిధిని వర్తక శ్రేణుల దగ్గర ఉంచి దాని వడ్డీతో నడిపించే అక్షయనీవి పద్ధతి అక్కడి శాసనాలలో కనిపిస్తుంది. అలా పేర్కొన్న శ్రేణులలో తమలపాకులు అమ్మేవారు, పిండివంటలు చేసేవారు ఉన్నారని శాసన పరిశోధకులు అర్థం చెప్పారు. పిండివంటల వారికి కూడా సంఘం ఉన్న ఊరిని అంగడి లేని ఊరు అనలేం.

నీటి దాతల విషయం అన్నింటికన్నా ముఖ్యమైనది. ఉపాసిక బోధిశ్రీ వేయించిన శాసనం ఆమె చేసిన దానాలను వరుసగా చెబుతుంది. చైత్యగృహం, మండపాలు, రాతి స్తంభాలతో పాటు పూర్వశైలంలో ఒక తటాకం కూడా వాటిలో ఉంది. ఆమె రాణి కాదు, గృహస్థ కుటుంబానికి చెందిన స్త్రీ. తన బంధువులందరి పేర్లను, పుణ్యంలో వారి భాగాన్ని శ్రద్ధగా చెప్పుకుంది. సూరమాంబకు 1,100 ఏళ్ల ముందే ఈ సీమలో ఒక స్త్రీ చెరువు తవ్వించి శాసనం వేయించింది. ఈ రెండు శాసనాలను కలిపి చదివే అలవాటు మనకు లేకపోవడానికి ఒకటి ప్రాకృతం, రెండోది సంస్కృతం కావడం, మన సిలబస్ తెలుగు పద్యం దగ్గరే మొదలు కావడం కారణాలు కావచ్చు.

ఇక్ష్వాకుల తరువాత ఆ లోయ పల్లెగా మిగిలింది. రాజధాని పోతే పెట్టుబడి పోతుంది, పెట్టుబడి పోతే ఘట్టాలు, కాలువలు పూడిపోతాయి. నేల మాత్రం ఎక్కడికీ పోలేదు.

మాచర్ల, కారెంపూడి

పలనాటిని ఆడిపోసుకున్న కవికే పలనాటి వీరచరిత్రను కూడా సంప్రదాయం అంటగట్టింది. శ్రీనాథుడు మంజరీ ద్విపదలో చెప్పాడని ప్రసిద్ధమైన ఈ కావ్యం మాచర్ల చెన్నకేశవునికి అంకితం. 1911లో దీన్ని తొలిసారి విపులమైన ఆంగ్ల పీఠికతో ప్రకటించిన అక్కిరాజు ఉమాకాంతం పలనాటివాడే కావడం యాదృచ్ఛికం కాదు. ‘నేటికాలపు కవిత్వం’ రచయితగానే ఆయనను గుర్తుంచుకొని ఈ పరిష్కరణను మరచిపోవడం మన విమర్శ చరిత్రకు నష్టమే.

వీరచరిత్రలోని పలనాడు చాటువులోని పలనాడు కాదు. రెండు రాజధానులు, వాటి మధ్య రాయబారాలు, కోడిపోరు పందెం, ఏడేళ్ల ప్రవాసం, పశువుల మందల కోసం పోరు, చాపకూడు – ఇవి వసతి లేని ఊళ్లలో జరిగే పనులు కావు. బ్రహ్మనాయుడు మాచర్లను నిలబెట్టిన విధానం కథలో విస్తారంగా వస్తుంది. 12వ శతాబ్ది యుద్ధ గాథను అక్షరాలా చరిత్రగా తీసుకోలేం గాని, శ్రోతలు తమ సీమను ఎలా ఊహించుకున్నారో ఆ గాథ చెబుతుంది. వినుకొండ వల్లభరాయని పేర ఉన్న క్రీడాభిరామంలో ఓరుగంటి వీధిలో ఒక స్త్రీ పలనాటి వీరుల కథ పాడుతుంది. అంటే పలనాటి నుంచి పత్తి, జొన్న మాత్రమే కాక కథ కూడా రాజధానికి వెళ్లింది.

చాటువు ఎగతాళి చేసిన చిల్లర దేవుళ్లు, నాగులేటి నీళ్లు కారెంపూడిలో ఏమయ్యాయో చూడాలి. అక్కడి వీరుల గుడి ముందు ఏటా కార్తికంలో రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అనే అయిదు రోజుల ఉత్సవం జరుగుతుంది. వీరాచారవంతులు తమ కొణతాలను తెచ్చి నాగులేటిలో కడుగుతారు. ఆస్థాన కవికి తాగడానికి పనికిరాని నీరు వారికి తీర్థం. 1982లో వెలువడిన జీన్ రోఘైర్ గ్రంథానికి ఆధారమైనది కూడా ఈ మౌఖిక సంప్రదాయమే. ముద్రిత కావ్యంలో దొరకని పలనాడు అందులో ఎంతో ఉంది.

ఆనకట్ట, కాలువ

ఇక్కడ ఒక అభ్యంతరాన్ని ఎదుర్కోవాలి. పలనాటిలో కరువు కల్పితమా? కాదు. నందన కరువుగా పేరొందిన 1832–33 క్షామంలో గుంటూరు సీమలో 5 లక్షల జనాభాకు సుమారు 2 లక్షల మంది చనిపోయారని ఆనాటి అంచనాలు. కాని గమనించవలసిన సంగతి ఏమిటంటే ఆ కరువు మెట్టకూ పల్లానికీ తేడా చూపలేదు. ఇప్పుడు మనం పచ్చని డెల్టా అని పిలిచే నేల కూడా అప్పుడు దాహంతోనే చచ్చింది. 1852–55 మధ్య బెజవాడ వద్ద కృష్ణకు ఆనకట్ట కట్టిన తరువాతనే డెల్టా వేరు, మెట్ట వేరు అయ్యాయి. 1801లోనే కంపెనీ చేతికి వచ్చిన పలనాడు ఆ ఆనకట్టకు ఎగువన ఉండిపోయింది. నది పక్కనే పోతున్నా నీరు కిందివారిది అయింది.

చాటువులు అచ్చయి విస్తారంగా ప్రచారంలోకి వచ్చింది ఆనకట్ట నీటితో డెల్టాలో వరి, చదువు, పత్రికలు వర్ధిల్లిన తరం చేతుల మీదుగానే. వరికూడు లేదన్న 15వ శతాబ్ది ఆక్షేపణ వరి తినే 20వ శతాబ్ది పాఠకునికి స్వయంసిద్ధ సత్యంగా తోచింది. శ్రీనాథుడు రాజాశ్రయపు అంచును చూసి చెప్పినదాన్ని మనం నేల గుణంగా చదువుకున్నాం. ఇది నా ఊహ మాత్రమే. అయితే చాటువుల పాఠాంతరాలను, అవి ఎక్కడ ఎవరి నుంచి సేకరించినవో అన్న వివరాలను పరిశీలిస్తే దీన్ని నిగ్గు తేల్చవచ్చు. మెకంజీ సేకరించిన కైఫీయతులలో పలనాటి గ్రామాల చెరువుల, బావుల ప్రస్తావనలను విడిగా ఏరి కూర్చడం కూడా ఇందుకు అవసరం.

1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టులో కాలువలకు నీరు వదిలారు. జవహర్ కాలువగా పిలిచే కుడి కాలువ గుంటూరు, ప్రకాశం సీమలలో 11 లక్షల ఎకరాలకు పైగా ఆయకట్టును ఏర్పరచింది. చాటువు లేదన్న వరి వచ్చింది. పత్తి, మిరప బజారు పంటలయ్యాయి. ఎగతాళికి గురైన నాపరాయి పిడుగురాళ్ల సున్నంగా, మాచర్ల పలకలుగా, సిమెంటుగా అమ్ముడుపోయింది. కాని ఆ నీటి కింద మునిగినది ఏది? విజయపురి. పలనాటిలో అంగడి, ఘట్టం, తటాకం, దాత ఉండేవారని నిరూపించే ఏకైక నగరం జలాశయం అడుగుకు వెళ్లింది. కొన్ని కట్టడాలను విడదీసి కొండ మీదికి, అనుపుకు చేర్చారు. ఆ రంగస్థలాన్ని నేడు అనుపులో చూస్తాం. పుల్లారెడ్డిగూడెం వంటి పల్లెలు అలా చేరలేదు. పలనాటికి నీరు ఇచ్చిన పని పలనాటి నీటి చరిత్రను ముంచింది. దీనికి ఎవరినీ నిందించలేం. తవ్వకం జరిగింది కూడా మునక వస్తున్నదన్న తొందర వల్లనే.

కాలువ కూడా దయ అంతటా పంచలేదు. కాలువ మట్టానికి పైనున్న వెల్దుర్తి, దుర్గి, బొల్లాపల్లి ప్రాంతాలకు జలాశయం కనిపించేంత దగ్గరలో ఉన్నా సాగునీరు అందలేదు. వారి కోసం తలపెట్టిన వరికపూడిశెల ఎత్తిపోతల పథకానికి మాచర్లలో 2023 నవంబరులో కూడా శంకుస్థాపనే జరిగింది. కాలువ కింద ఉన్నవారి సంగతి వేరు. నీరు వచ్చాక పత్తి మీద పెట్టుబడి పెరిగింది. 1987లో తెల్లదోమ విరుచుకుపడి పంట పోయినప్పుడు గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి రైతులు కొనుక్కున్న పురుగుమందు తాగి చనిపోయారు. ఆ చావులకు దప్పిక కారణం కాదు, అప్పు కారణం. ఆనాటి చేలలో నీరు పారుతూనే ఉంది.